చుక్క ఎన్క మూడు అక్షరాలు

మొన్న ఆదివారం మా ఇంట్ల ఏమైందో తెలిస్తె చేతిల ఛాయ్ గ్లాసు కింద పెడ్తరు. నేనైతే ఇంకా తేరుకోలె. ఈ వయసుల, అది కూడ మా వియ్యపురాలి ముంగట! ముఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక వంటింట్లకు ఉరికిన.

ముందు నా సంగతి జర చెప్పాలె. నాచారంల బట్టల కంపెనీల చెకింగ్ టేబుల్ మీద పనిచేసినదాన్ని. కుట్టిన అంగీ నా చేతికొస్తె కాలరు కాడికెల్లి కింది అంచు దాక చూద్దును. ఎక్కడన్న దారం వేలాడిందా, కత్తెర కిచ్చుమనాలె. నేను పాస్ చేసిన మాలు ఒక్కటి వాపసు రాలె. ఆ మాట సూపర్‌వైజరే అన్నడు. చదువంటరా, అది లేదు. తెలుగు కూడబలుక్కుంట చదువుత, ఇంగ్లీషు అక్షరాలైతే బొమ్మల లెక్క గుర్తువడ్త. అంతే.

మా కోడలు సునీత ఇంట్లనే జాకెట్లకు కంప్యూటర్ వర్క్ చేస్తది. నెమలి, హంస, మామిడిపిందె, ప్రతి డిజైన్‌కు కంప్యూటర్ల ఒక ఫైలుంటది. దాని మీద టక్‌టక్ అని రెండుసార్లు కొడితె బొమ్మ తెరుచుకుంటది. పెన్‌డ్రైవ్ల ఏసి మిషన్‌కు గుచ్చితె అదే కుట్టుకుంట పోతది. ఫైళ్ల పేర్లు మార్చుడు నాకు సునీతనే నేర్పింది. గిరాకి పేరు రాసిస్తె ఒక్కొక్క అక్షరం దేవులాడి కొడ్త.

ఆదివారం పొద్దుగాల బోడుప్పల్ నుంచి సునీత వాళ్లమ్మ నర్సమ్మ వచ్చింది. ఈ నర్సమ్మ ఎవరనుకున్నరు? మా కొడుకు పెండ్లిల నేను పెట్టిన చీరను నలుగురి ముంగట అటు తిప్పి ఇటు తిప్పి, "అంచుకు పోగులు లేస్తున్నయి వదినా" అన్న మనిషి. నన్ను! చెకింగ్ టేబుల్ దాన్ని! ఆ మాట నేను మర్వలె. మర్వను కూడ.

వచ్చి ఏం చేసింది? ఫోన్ల చార్జింగ్ లేదని వైరు తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చింది. నాకు నచ్చలె. అయినా ఊకున్న. ఛాయ్ తాగింది, ముచ్చట పెట్టింది, పోయింది.

తర్వాత సునీత జరీ దారం కోసం ఉప్పల్ పోయింది. ఖాళీగ కూసునుడు నాకు చేతగాదు. కంప్యూటర్ ముంగట కూసొని ఫైళ్లు చూస్తున్న. చూస్తె ఏంది! ఇన్నొద్దులు పట్టించుకోలె గని, ప్రతి పేరు ఎన్క ఒక చుక్క, చుక్క ఎన్క మూడు అక్షరాలు. నెమలికీ అవే, హంసకూ అవే, పిందెకూ అవే. దారం కొసలు వేలాడినట్టు వేలాడుతున్నయి. గిదేం పనితనం? నా చెయ్యి ఆగుతదా? ఒక్కొక్కటే పట్టుకొని తీసుడు షురూ చేసిన.

తీసినప్పుడల్ల ఒక డబ్బా లేసి ఇంగ్లీషుల ఏందో అడుగుతుండె. పెద్దమనిషి కూసున్నది కదా, పర్మిషన్ అడుగుతుందనుకున్న. ముచ్చటేసింది. యెస్ కొట్టిన. మళ్ల అడిగింది, మళ్ల యెస్. నడుము పట్టుకపోయింది గని మొత్తం సాఫ్ చేసినంక వరుస చూసుకుంటె కండ్లకు సల్లగుండె.

సునీత వచ్చింది. నెమలి మీద టక్‌టక్ కొట్టింది. బొమ్మ రాలె. ఈ ఫైలు దేంతోటి తెరవాలె అని కంప్యూటరే ఎదురు అడుగుతుంది. హంస కొట్టింది, అదే కథ. కంప్యూటర్ బంద్ చేసి మళ్ల పెట్టింది. పెన్‌డ్రైవ్ తీస్కపోయి మిషన్‌కు గుచ్చింది. మిషన్ ఆ ఫైళ్లను కండ్లతోటి కూడ చూడలె.

"అత్తమ్మా, ఒక్కటన్న తెరుచుకుంటలేదు!" సునీత మొత్తుకుంది. "చెంగిచెర్ల పెండ్లిపిల్ల జాకెట్టు! వీపు అయింది గని చేతులు మిగిలినయి. సాయంత్రం వాళ్లమ్మ వస్తది. తెల్లారితె పెండ్లి!"

ఎవరి పనో నాకు తెలుసు కదా.

"మీ అమ్మ ఫోన్ వైరు గుచ్చలే? ఆ ఫోన్ల వైరస్సే ఇది" అన్న. సునీత వద్దు వద్దంటనే ఉంది, నేను ఫోన్ కలిపిన. "వదినా, నీ ఫోన్ రోగమంత మా కంప్యూటర్‌కు అంటించి పోయినవు. పిల్ల కాడ ఒక పెండ్లి జాకెట్టు ఆగింది. సంబరమేనా?"

అవుతలికెల్లి నర్సమ్మ, "వస్తున్న. ఆడనే ఉండు" అన్నది.

ఆటో దిగి వచ్చింది చూడున్రి, కొప్పు కూడ సరిగ ముడవలె. "ఏది, నా ఫోన్ రోగం చూపియ్యి!" అనుకుంటనే లోపటికొచ్చింది. అప్పుడే సునీత, తనకు డిజైన్ పని నేర్పిన ఉప్పలాయనకు కంప్యూటర్ ఫోటో పంపి ఫోన్ స్పీకర్ల పెట్టింది.

"అక్కా, పేర్ల ఎన్క డాట్ డీఎస్టీ ఏది?" అన్నడాయన. "అది చూసే కదా ఇది డిజైన్ అని కంప్యూటర్ గుర్తువట్టేది. ఎవరో కూసొని అన్నిటికీ తీసేసిన్రు. వైరస్ కాదక్కా. వైరస్ ఇంత నీటుగ చెయ్యదు."

నీటుగ అన్న మాట ఇనంగనే ఒక్క క్షణం నాకు సంబరమైంది, దాచుడెందుకు. ఆ ఎంబడే, తీసిన చెయ్యి ఎవరిదో యాదికొచ్చింది.

సునీత మెల్లగ నా దిక్కు తిరిగింది. "అత్తమ్మా..."

"అది అడిగింది బిడ్డా! అడిగితెనే యెస్ అన్న!"

"అది అడుగుడు కాదు అత్తమ్మా. గిట్ల చేస్తె ఫైలు ఖరాబైతది, అయినా చేస్తవా అని చెప్పుడు."

"అన్నిసార్లు చెప్పిందా?"

"అన్నిసార్లు."

ఇగ నేను వంటింట్ల పడ్డ. నర్సమ్మ గొంతు కోసం చెవులు రిక్కించి నిలవడ్డ. ఇప్పుడు తిడ్తది, ఇప్పుడు తిడ్తది... ఆమె మాత్రం, "ముందుగాల ఆ పిల్ల జాకెట్టు కానియ్యి సునీతా" అని కూసున్నది. తిడితెనే బాగుండు!

సునీత, జాకెట్టు చేతులకు కావాల్సిన నెమలి ఎన్క ఆ మూడక్షరాలు కొట్టింది. టక్‌టక్! నెమలి పురి విప్పింది. మిషన్ గరగర నడిచింది. సాయంత్రం పెండ్లిపిల్ల తల్లి వచ్చి జాకెట్టు మురిపెంగ చూసి తీస్కపోయింది. మిగతా తోకలంటరా, ఉప్పలాయన ఫోన్ల చెప్పంగ సునీత అన్నిటికీ ఒక్క దెబ్బకే తగిలిచ్చింది. నేను నడుము పోంగ తీసినవి! అది ఇంకో అవమానం.

నర్సమ్మ లేసింది. తప్పయిందని అందామంటె ఆ మాట నా నోట్ల తిరుగుతలేదు. "చక్కెర ఎక్కువేసిన, ఛాయ్ తాగి పో వదినా" అన్న. తాగింది. గడప దాటబోయి ఆగి, నా భుజం దిక్కు వంగి చూసింది.

"వదినా, నీ జాకెట్టుకు దారం వేలాడుతుంది. కత్తిరియ్యాల్నా? యెస్సా, నోనా?"

నా జన్మల మొదటిసారి అన్న, "ఉండనియ్ వదినా, దానికి ఏం కట్టి ఉందో ఏమో!"