విజేందర్ ఆసు పోసిన పూట

మోత్కూర్ మండలంలోని ఆ ఊరి సర్పంచ్ సీటు మహిళలకు రిజర్వయిందని తెలిసిన పొద్దే విజేందర్ కూడళ్లలో తన ఫ్లెక్సీలు కట్టించాడు. వాటిలో అతను నిలువెత్తున దండం పెడుతున్నాడు. మూలన, ఆధార్ కార్డు మీది ఫొటోలో, అతని భార్య కోమల బెదిరినట్టు చూస్తోంది. పోటీ చేసేది ఆమె. కింద "మీ విజేందర్‌ను ఆశీర్వదించండి" అని రాయించాడు.

కోమల నేతింటి బిడ్డ, నేతింటి కోడలు. రంగులద్దేది, కండెలు చుట్టేది ఆమే అయినా బజారులో అది విజేందర్ నేసిన చీరే. అందుకని ఫ్లెక్సీ చూసి ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. అయితే నామినేషన్ మీద సంతకం పెట్టి వచ్చినప్పటి నుంచి ఆమెకు నిజంగానే గెలవాలని ఉంది. ఆ సంగతి ఇంకా ఇంట్లో చెప్పలేదు.

ప్రచారంలో ఆమె పని బొట్టు పెట్టి నవ్వడం. మాట్లాడటం విజేందర్ పని. ఒకనాడు అతను ఫోనులో పడి వెనకబడ్డప్పుడు, కూలికి పోయే మారెమ్మ కోమల చెయ్యి పట్టుకుంది.

"నీకు ఓటేస్తె పెత్తనం ఎవరిది బిడ్డా?"

"నాదే అవ్వా."

"గట్లయితే ఏస్త. గాయినకైతే ఎయ్య. ఊరి బోరు పైపు మీ వాకిట్లకు తిప్పుకున్నడు, మా వాడకు సుక్క రాకపాయె. ఇగ గా ఫ్లెక్సీ సూస్తె గాయినే నిలవడ్డట్టున్నది."

ఆ మాటే ఇంకో ఇంట్లో, మరో ఇంట్లో వినబడింది. తనను ఓడించేది ఎదుటి అభ్యర్థి కాదని కోమలకు అర్థమైంది.

మర్నాడు మహేశ్ వచ్చాడు. అతనికో యూట్యూబ్ ఛానల్ ఉంది. విలేకరి, కెమెరామన్, యజమాని అన్నీ అతనే. కార్యక్రమం పేరు "మహిళా అభ్యర్థితో ముఖాముఖి". లైవ్ మొదలుపెట్టి మైకు విజేందర్ ముందు పెట్టాడు. విజేందర్ కుర్చీలో కూర్చుని అభివృద్ధి గురించి చెప్పసాగాడు. వెనక కోమల ఆసు పోస్తోంది. అర్ధచంద్రంలా నాటిన చీలల చుట్టూ పట్టుపోగు తిప్పుతూ ఆమె చెయ్యి అటూ ఇటూ ఆడుతోంది. అది ఆడవాళ్ల పని, వెనక కనబడితే బాగుంటుందని మహేశే ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు.

చివరికి అతనికి అభ్యర్థి గుర్తొచ్చింది. "అక్కా, మీరు గెలిస్తె ఇంట్ల వంటెవరు జేస్తరు? జర చెయ్యి ఆపి చెప్పుండ్రి."

"ఆపితె పోగు వదులైతది తమ్మీ. పెండ్లి చీర, డిజైన్ చెడుతది." కోమల భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, జర నువ్వు పట్టు. నేను గా కుర్చీల కూసుంట."

లైవ్‌లో కాదనలేక విజేందర్ వచ్చి పోగు అందుకున్నాడు. కోమల మైకు దగ్గరికి జరిగింది.

"వంట ముచ్చట తర్వాత. ముందుగాల నీళ్లు. మా వాకిట్ల ఊరి పైపు ఉన్నది గద, నేను గెలిస్తె దాన్ని మారెమ్మవ్వ వాడకు తిప్పిస్త."

"కోమలా," అన్నాడు విజేందర్ వెనకనుంచి.

"పోగు చూస్కో. తెగుతది."

చెయ్యి వదిలితే చీర పోతుంది, వదలకపోతే పైపు పోతుంది. చీరకు బయానా తీసుకున్నది అతనే. పళ్లు నూరుకుంటూ చెయ్యి ఆడిస్తూనే ఉన్నాడు.

మహేశ్ ఆ వీడియోకు "మొగనితో ఆడపని చేయించిన అభ్యర్థి" అని పేరు పెట్టాడు. ఎదుటి అభ్యర్థి భర్త గురవయ్య, పరువు తీద్దామని, దాన్ని ఊళ్లోని గ్రూపులన్నిటికీ పంపాడు. మగవాళ్లు విజేందర్‌ను చూసి నవ్వుకున్నారు. ఆడవాళ్లు పైపు మాట దగ్గరికి జరిపి మళ్లీ మళ్లీ విన్నారు.

కోమల గెలిచింది. మొదటి దండ, అలవాటు కొద్దీ, విజేందర్ మెడలో పడింది. అతను కాసేపు ఉంచుకున్నాడు కూడా.

ప్రమాణం చేసిన తెల్లారి మారెమ్మ వాడ ఆడవాళ్లు బిందెలతో వచ్చి కోమల వాకిట్లో నిలబడ్డారు. విజేందర్‌కు పానా అందించి, కోమల పంచాయతీ ఆఫీసుకు నడిచింది. కార్యదర్శి లేచి నిలబడి, ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు.

"సారు వస్తుండ్రా మేడం? తీర్మానం ఆయనొచ్చినంక రాద్దామా?"

"సారు పైపు ఇప్పుతుండు," అంది కోమల కూర్చుంటూ. "మీరు రాయుండ్రి, నేను చెప్త."