ఏడో అంతస్తులో పసుపుతాడు

కుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి, బెంగుళూరులో దిగి, ఎనిమిదింటికల్లా పూలమ్మ ఆ పెద్ద హోటలు వెనక గుమ్మం దగ్గర ఉండేది. ముందు గుమ్మం ఎట్లా ఉంటుందో రెండేళ్లయినా ఆమె చూడలేదు. చూడాల్సిన పనీ పడలేదు. ఏడో అంతస్తులో పద్నాలుగు గదులు, పద్నాలుగు స్నానాల గదులు ఆమె వంతు. దుప్పటి మీద ముడత కనపడకూడదు, తువ్వాళ్లను కొంగల్లాగా మడిచి పరుపు మీద నిలబెట్టాలి. ఇంట్లో తనూ, కూతురు ఇందూ, అత్త చెంగమ్మా ఒకే చాప మీద సర్దుకుంటారు గానీ, పరుపు సర్దడంలో పూలమ్మకు వంక పెట్టిన మనిషి లేడు.

ఈ పనిలో చేరడానికి ముందు ఏడాది, రెండు వేల సంవత్సరంలో, మొగుడు ఎల్లప్ప తోలే టమాటా లారీ మొగిలి ఘాటులో బోల్తా పడింది. చౌడేపల్లె దగ్గరున్న పుట్టింటివాళ్లు వచ్చి నెల రోజులు ఏడ్చి, తర్వాత ఎవరి ఆవులు వాళ్లు పితుక్కోవడానికి వెళ్లిపోయారు. వాళ్లను మాత్రం ఏమనగలం. రైల్లో పరిచయమైన ఉషారాణి ఈ ఉద్యోగం ఇప్పించింది. ఆమె ఏడో అంతస్తు సూపర్‌వైజరు. దరఖాస్తులో భర్త పేరుకు ముందు ‘కీర్తిశేషులు’ అని రాసింది కూడా ఆమే. హోటల్లో పనిచేసే ఆడవాళ్లంతా ఒకేలా కనపడాలి, చీర మీద మెడదాకా గుండీలున్న కోటు, నుదుట చిన్న నల్లచుక్క. ఎవరికి మొగుడున్నాడో ఎవరికి పోయాడో చూపుకు తెలియదు. ఆ ఒక్క విషయంలో పూలమ్మకు ఆ కోటంటే ఇష్టం.

రెండు వేల మూడు, మే నెలలో ఒక శుక్రవారం ఏడువందల తొమ్మిదో గదిలో మదనపల్లె దంపతులు దిగారు. జయచంద్రకు మదనపల్లెలో ఎరువుల కొట్టు. సరుకు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు రెండు రోజుల మకాం బహుమతిగా ఇస్తే, పెళ్లయి ఇరవై అయిదేళ్లు నిండే శనివారానికి సరిగ్గా కుదిరేట్టు పెట్టించుకున్నాడు. ఆయనకు ఆ గది తెగ నచ్చింది. భార్య సుశీలమ్మకు మాత్రం ఊపిరాడలేదు. తువ్వాళ్లు తెచ్చిన పూలమ్మ నోట తెలుగు వినగానే ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

“యాడమ్మా మీది?”

“కుప్పమమ్మా. పుట్టినిల్లు చౌడేపల్లె పక్కన.”

“మా పుట్టినిల్లు పుంగనూరే కదమ్మా. సూడు, యాడ కలిసినామో. ఈడ కిటికీ కూడా తెరుచుకోదు. ఈయప్పకేమో అంతా బాగుండాది.”

శనివారం పొద్దున ఇద్దరూ లాల్‌బాగ్ చూడ్డానికి వెళ్లాక పూలమ్మ గది సర్దడానికి వచ్చింది. అద్దం కింద పాలరాయి మీద పసుపు మరకలున్నాయి. పెళ్లిరోజు కదా, తలంటుకుని మంగళసూత్రాలకు కొత్త తాడు మార్చుకుందన్నమాట అనుకుంది. ఆ మాట అనుకుంటూనే చెత్తబుట్ట ఎత్తితే, గడ్డం గీసుకున్న నురగ మధ్య, అరటితొక్కల కింద, కాగితంలో చుట్టిన పాత తాడు కనపడింది.

ఇరవై అయిదేళ్ల పుణ్యస్త్రీ మెడలో ఉన్న తాడు. నీళ్లలో కలపాలి, లేకపోతే పచ్చని చెట్టు మొదట్లో పెట్టాలి. అది చెత్తలారీ ఎక్కి పోతే ఆ మనిషికి మంచిదా? తను తాకొచ్చా అని ఒక్క క్షణం ఆగింది. తాకకుండా కాగితంతోనే పైకి తీసింది. కోటు జేబులో మరుగుదొడ్డి కడిగే తొడుగులున్నాయి, అందులో పెట్టలేదు. అన్నం డబ్బా ఎంగిలిది, అందులోనూ పెట్టలేదు. రొండిన దోపుకుని, ఇంటికెళ్లి పెరట్లో కనకాంబరం మొదట్లో పెడదామనుకుని, మిగిలిన గదులు సర్దడానికి పోయింది. పిచ్చి మనిషి, మొక్కుకుని మరీ తన కొంప తనే అంటించుకుంది.

మధ్యాహ్నం రెండింటికి ఉషారాణి పరుగెత్తుకొచ్చింది. ఏడువందల తొమ్మిదిలో ఆవిడ మంగళసూత్రాల పక్కన ఉండాల్సిన బంగారు గుండ్లలో ఒకటి లేదట. ఆవిడ ఏడుస్తోంది, ఆయన మేనేజరు మీద అరిచాడు. గది సర్దినవాళ్లను సోదా చేస్తున్నారు.

సోదా చేసే కాపలా మనిషి పూలమ్మ రొండిలోంచి తాడు బయటికి లాగింది. పసుపు పూసీ పూసీ రాయిలా గట్టిపడిన ముడిని గోటితో విప్పింది. అందులోంచి మిరియపు గింజంత గుండు బల్ల మీద పడి దొర్లింది.



“చెత్తలో పారేసిన దారాన్ని ఎవరైనా తీసి నడుముకు దోపుకుంటారా?” అన్నాడు మేనేజరు. ఆయనది ఎక్కడో ఉత్తరాది. పూలమ్మ వచ్చిన నాలుగు కన్నడ ముక్కలూ తెలుగూ కలిపి పుణ్యస్త్రీ అనీ చెట్టు మొదలనీ చెప్పింది. చెప్పేకొద్దీ అబద్ధంలా ఉందని ఆమెకే తెలుస్తోంది. గుండు సంగతి తనకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? తనే అయితే నమ్మేదా? ఉద్యోగం పోతుంది, అది సరే. దొంగ అని పోలీసులకు అప్పగిస్తే కుప్పం రైల్లో సగం బోగీ రేపటికల్లా చెప్పుకుంటుంది. ఇందు బడికి ఏ మొహంతో పోతుంది? మేనేజరు ఫోను దగ్గరికి జరిగాడు. ఈ తాడు తీయడం దొంగతనం కాదని చెప్పగలిగిన మనిషి ఆ హోటలంతటికీ ఒక్కతే ఉంది.

ఆ మనిషిని పిలిపించారు. సుశీలమ్మ కళ్లు వాచిపోయి ఉన్నాయి. గుండు చూసి కళ్లకద్దుకుంది. తాడు చూసి పూలమ్మ వైపు తిరిగింది.

“ఇది యాడ దొరికింది నీకు?”

“చెత్తబుట్టలో ఉండాదమ్మా. మాంగల్యపు తాడు చెత్తలో పోకూడదని తీసినా. దాంట్లో గుండుండేది నాకు తెలీదమ్మా. నా బిడ్డ మీద ఒట్టు.”

“నేను అద్దం కాడ పెడితిని. బుట్టలో ఎట్ల పడింది?”

“ఏదో కాగితమనుకున్నా,” అన్నాడు జయచంద్ర, ఇంకెక్కడో చూస్తూ.

సుశీలమ్మ కాసేపు మొగుణ్ణి చూసింది. ఆమె మొహం మెత్తబడింది. అంతలోనే ఆవిడకు ఇంకో భయం పట్టుకుంది. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

“నీ మొగుడుండాడా అమ్మా? నీ పసుపు కుంకుమ బాగుండాయా?”

ఉషారాణి చేతిలో పూలమ్మ దరఖాస్తు కాగితం ఉంది. దాని మీద ‘కీర్తిశేషులు’ అన్న మాట ఉంది. లేడని చెప్తే ఏమవుతుందో పూలమ్మకు తెలుసు. పెళ్లిరోజున ముండమోసిన దాని నడుములో తన తాడు తిరిగిందని సుశీలమ్మ గుండె పగిలిపోతుంది, ఆ తర్వాత ఆ నోట పూలమ్మ కోసం ఒక్క మాట రాదు.

“ఉండాడమ్మా,” అంది పూలమ్మ.

“ఏం చేస్తాండాడు?”

“లారీ తోల్తాండాడు. వారానికోసారి వస్తాడు. మొన్న బేస్తవారం వచ్చి పోయినాడు.” అంత చెప్పనక్కర్లేదు. చెప్పడం మొదలుపెట్టాక ఆపబుద్ధి కాలేదు. “పాపకు జామకాయలు తెచ్చినాడు.”

ఉషారాణి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకుంది.

సుశీలమ్మ మేనేజరు వైపు తిరిగి, “తాడు నేనే ఇచ్చినా సార్ ఈయమ్మకు. చెట్టు మొదట్లో పెట్టమని చెప్పి ఇచ్చినా. గుండు దాంట్లో ఉండేది మరిచిపోయినా,” అంది. ఉషారాణి ఆ మాటలు మేనేజరుకు హిందీలో చెప్పింది. మేనేజరు ముగ్గురినీ మార్చి మార్చి చూసి, అతిథి మాట కాదనలేక, రాసుకుంటున్న పుస్తకం మూసేశాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సుశీలమ్మ చేతిసంచీలోంచి కుంకుమ భరిణె తీసింది. పెళ్లిరోజు కనపడిన ఆడమనిషికి బొట్టు పెట్టకుండా పంపడం ఆవిడకు చేతకాదు. పూలమ్మ నుదుట పెట్టింది, పాపిట్లో పెట్టింది, తలలో మూరెడు మల్లెపూలు తురిమింది.

“తాళి బయటికి తియ్యమ్మా, దానికీ పెడతా.”

పూలమ్మ చేయి కోటు గుండీ మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

“డ్యూటీలో కాలరు విప్పకూడదు మేడం,” అంది ఉషారాణి. “రూలు.”

“పోనీలే. నూరేళ్లు ముత్తైదువగా ఉండు తల్లీ,” అని సుశీలమ్మ ఆమె తల మీద చేయి పెట్టింది. పూలమ్మ అప్పుడు ఏడ్చింది. గండం గడిచిన ఏడుపు అనుకున్నారందరూ. జయచంద్ర జాలిపడి మంచినీళ్లు తెప్పించాడు. ఆయన చేతిలోంచి గ్లాసు అందుకుంటూ, ఈ మనిషికి ఏమీ కాకూడదు దేవుడా, నా నీడ ఈయన మీద పడకూడదు అని మొక్కుకుంది. ఆ మొక్కు ఆ రోజుతో అయిపోలేదు. చాలా ఏళ్లు, మదనపల్లె పేరు వినపడినప్పుడల్లా, ఆయన బతికే ఉన్నాడా అని ఆమెకు దిగులు పట్టుకునేది. అడగడానికి ఎవరూ లేరు.

సాయంత్రం రైల్లో కొంగు తల నిండా కప్పుకుని కూర్చుంది. కనకాంబరం మొదట్లో పెట్టాల్సిన తాడు మళ్లీ ఆమె రొండినే ఉంది. బోగీలో సగం మంది కుప్పం వాళ్లే, ఎల్లప్పను ఎరిగినవాళ్లే. మల్లెపూలు బంగారుపేట దాటాక కిటికీలోంచి వదిలేసింది. కుంకుమ అట్లా వదిలేయలేకపోయింది. గుడుపల్లె వచ్చింది. ఇక ఒక్క స్టేషనే. ఇంట్లో చెంగమ్మ తలుపు తీస్తుంది, కొడుకు పోయిన కళ్లతో కోడలి పాపిట చూస్తుంది.

పూలమ్మ లేచి తలుపు పక్కనున్న కొళాయి దగ్గరికి వెళ్లింది. అక్కడి మాసిన అద్దంలో ఎల్లప్ప పెళ్లాం కనపడింది. కాసేపు చూసింది. మూడేళ్ల కిందట ఈ పని చేసినప్పుడు ఆమె చేతులు కదలకుండా నలుగురు ఆడవాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు పట్టుకోవడానికి ఎవరూ లేరు. కొంగు తడుపుకుని తనే తుడుచుకుంది. ఒక్కసారికి పోలేదు. కుప్పం వచ్చేలోగా ఇంకో రెండుసార్లు తుడవాల్సి వచ్చింది.