సంచిలో ఉన్న హారన్

ఈ సంగతి ఇన్నేళ్ళుగా చెప్తూనే ఉన్నాను. బంధువుల్లో ఒక్కరూ చివరిదాకా వినలేదు. మా అక్క భర్త, బావగారైతే నేను నోరు తెరవగానే కాఫీ తెమ్మని లోపలికి కేకేస్తారు. అందుకే రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో ఆపలేరుగా.

దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు.

డెబ్బైల్లో విజయవాడలో లేత్ పని చేసేవాణ్ణి. అంతకుముందు మా నాన్న పామర్రులో ఒక డాక్టరుగారి కారు నడిపేవాడు. మధ్యాహ్నం భోజనానికి వస్తూ కాలువ వంతెన మీద హారన్ కొట్టేవాడు. ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా. అది వినగానే అమ్మ పీట వాల్చి అన్నం వడ్డించేది.

ఆయన పోయాక ఆ పీట అటకెక్కింది. తర్వాత విషజ్వరం వచ్చి అమ్మకు చెవులు పూర్తిగా పోయాయి. వెనక బిందె జారిపడినా తిరిగి చూసేది కాదు.

నాన్న నడిపిన రకం కారే ఒకటి కూనూరులో ఎవరి షెడ్డులోనో పడి ఉందని తెలిసింది. ఉత్తరాలు రాసి, ఫోటో చూసి కొన్నాను. బాగుచేసి అమ్మను ఎక్కించుకుని తిప్పాలని నా ఆశ. అదే కారని అనడం లేదు. డాక్టరుగారి కారును నా కళ్ళముందే ముక్కలుగా విప్పి అమ్మేశారు.

"తుక్కు కోసం అంత దూరం పోవాలటోయ్? బెజవాడలో తుక్కు కరువా?" అన్నారు బావగారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

కారు గూడ్సులో వచ్చింది. బ్యాటరీ లేదు. ఇంజను విడిగా పెట్టెలో వచ్చింది. హారన్ ఊడదీసి గోనెగుడ్డలో చుట్టి పంపారు. అది ఆ రోజంతా నా భుజాన ఉన్న సంచిలోనే ఉంది.

ట్రాక్టరుకు కట్టి పామర్రు తెచ్చాం. మా సందులోకి ట్రాక్టరు పట్టదని వంతెన దగ్గర తాడు విప్పి, దాని ఇంజను ఆపేశారు. బావగారు స్టీరింగు పట్టుకున్నారు. నేను, ఇద్దరు కూలీలు వెనక నుంచి తోస్తున్నాం. మిట్టమధ్యాహ్నం.

వంతెన మధ్యకు రాగానే హారన్ మోగింది. ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా. నా అరచేతుల కింద రేకు వణికింది.

బావగారు కిందికి దూకారు. "హారన్ నీ సంచిలో ఉందన్నావు కదరా!"

సంచి విప్పి చూపించాను. గోనెగుడ్డకు కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

ఇంటికి పరుగెత్తాను. వంటిల్లు పెరటి వైపు. అక్కడి నుంచి వంతెన కనపడదు. నేలమీద నాన్న పీట. ముందు కంచం, పొగలు కక్కుతున్న అన్నం. చెయ్యి భుజం పైకి ఎత్తలేని అమ్మ అటకమీది పీట ఎలా దించిందో!

"మీ నాన్న కాళ్ళు కడుక్కుంటున్నాడా? రమ్మనరా, అన్నం చల్లారిపోతోంది" అంది.

ఎవరు చెప్పారమ్మా అన్నాను. వినపడలేదు. సైగ చేశాను.

"ఒకరు చెప్పేదేముంది? హారన్ కొట్టాడుగా" అని విసనకర్ర తీసుకుని కంచం పక్కన కూర్చుంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

ఆమెకు మతి చలించిందని ఊరంతా అన్నారు. ముందు అన్నది బావగారే. ఆ పేరుతోనే అమ్మ పోయింది. ఆ రోజు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా అమ్మ పిచ్చిది కాదని మాత్రం తెలుసు.

బావగారూ, స్టీరింగు మీ చేతిలోనే ఉంది. హారన్ విన్నారా, లేదా? కాఫీ తర్వాత తాగుదురుగాని. ముందు చెప్పండి.