నూట నలభయ్యో స్లీపరు

గువ్వలవంక స్టేషనులో ఇప్పుడు దిగేవాళ్లు లేరు. యుద్ధం కోసమని పట్టాలు పీక్కొనిపోయి నాలుగేళ్లయింది. టికెట్ల కిటికీకి కమ్ములు లేవు. ప్లాట్‌ఫారం అంచు రాళ్లు మిగిలాయి. వాటి మధ్య పల్లేరు.

దాసన్న ఏడు మైళ్లు నడిచి వచ్చి ఆ రాళ్ల మీద కూర్చున్నాడు. ఈ లైను మీద ఇరవై ఆరేళ్లు గ్యాంగ్‌మన్. సుత్తి భుజాన వేసుకొని, పట్టాల కింద అడ్డంగా వేసిన చెక్కల మీద స్లీపరు నుంచి స్లీపరుకు అడుగు వేస్తూ పోయేవాడు, అలాగే వచ్చేవాడు. పట్టాలు పోయినా ఆ నడక పోలేదు.

భార్య సంతోషమ్మ కలరాతో పోయినప్పుడు శవాన్ని తమ ఊళ్ల మీదుగా చర్చి సమాధుల తోటకు ఎవరూ తీసుకుపోనివ్వలేదు. లైను పక్కనే పూడ్చాడు. ప్లాట్‌ఫారం చివర నుంచి నూట నలభయ్యో స్లీపరు. రాయి పెట్టలేదు. పట్టాల కంటే గట్టి గుర్తు ఏముంటుందనుకున్నాడు.

ఆ నేలను ఇప్పుడు పుల్లన్న గుత్తకు తీసుకున్నాడు. నిన్న వాన పడింది. ఈరోజు దున్నుతాడని విని దాసన్న వచ్చాడు.

లేచి నూట నలభై అడుగులు లెక్కపెట్టాడు. లైను కింద వాన నీళ్లు పోయే మోరీ దగ్గర ఆగిపోయాడు. సంతోషమ్మను పూడ్చింది మోరీ దాటినాక. అడుగు ముసలిదైపోయింది.

నాగలితో వస్తున్న పుల్లన్న పలకరించాడు. “ఏం దాసన్నా, రైలుకొచ్చినావా? నాలుగేండ్ల నుంచి ఆలస్యంగా నడుస్తాండాది.”

“సంతోషమ్మను ఎదుకుతాండా.”

పుల్లన్న ఎడ్లను ఆపాడు.

“ఈడనా?”

“ఈడనే యాడో. నువ్వు దున్నితే ఇంక దొరకదు.”

“యాడో ఒక తావున రాయి పెట్టుకోప్పా. దండం పెట్టుకునేది నువ్వే గదా, అడిగేదెవురు?”

“ఆమె లేని తావులోనా?”



దాసన్న వెనక్కి ప్లాట్‌ఫారం దాకా పోయాడు. స్లీపర్లు తీసుకుపోయినా గట్టి నేలలో వాటి అచ్చులు ఇంకా ఉన్నాయి. నిన్నటి వాన నీళ్లు వాటిలో బారులు బారులుగా నిలిచాయి. ఈసారి అడుగులను నమ్మలేదు, నీళ్లను లెక్కపెట్టాడు. మోరీ వరకు నూట ఇరవై ఒకటి. ఆ తర్వాత నేల కోసుకుపోయింది.

తువ్వాలు తీసి ఒక అచ్చు నుంచి ఇంకో అచ్చుకు చాచి ముడి వేశాడు. మోరీ దాటి ఆ కొలతను పంతొమ్మిది సార్లు వేశాడు. ప్రతిసారీ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు. చివరిసారి లేవకుండా అక్కడే కూర్చున్నాడు.

అక్కడా మామూలు ఎర్ర నేలే.

“ఎంత మేర ఇడవాల?” అన్నాడు పుల్లన్న.

దాసన్న తువ్వాలును ముడి వరకు ఒకసారి పరిచాడు. జరిపి ఇంకోసారి పరిచాడు.

“ఇంత. ఆమె ఇంతే ఉండేది.”

పుల్లన్న ఎడ్లను పక్కకు తిప్పాడు.