కడిగిన ఇసకలో గోగుకూర

“కడిగీసిన ఇసకలో నా ఇత్తనాలు ఎయ్యను. మిగిలినవి ఈ గుప్పెడే.”

“ఎయ్యకపోతే మానీ. మూట కట్టుకుని మీ తమ్ముడింటికే పట్టుకెళ్లు. రేపు పొద్దున్న రైలు బండి ఉంది కదా.”

“ఎల్తాను. నువ్వు సెప్పాలేటి? పెట్టి ఎప్పుడో సర్దీసుకున్నాను.”

మొదటి మాటా చివరి మాటా మా అత్తవి. మధ్యలోది నాది. మా ఇంటాయన గుమ్మంలో నిలబడి ఒకసారి తల్లి వైపూ, ఒకసారి నా వైపూ చూసి, చెప్పులు తొడుక్కుని వీధిలోకి వెళ్లిపోయారు. (మగవాళ్ల చెప్పులు ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఎందుకుంటాయో నాకు ఆ వేళ తెలిసింది.)

ఆ రోజుల్లో కోడలు నోరు మెదపకూడదని అందరూ చెప్పేవారు. మెదపకూడదనే నేనూ రోజూ పొద్దున్నే అనుకునేదాన్ని. పొయ్యి రాజేసేసరికి మరిచిపోయేదాన్ని. అయిదో తరగతి దాకా చదివి, లోకంలో ఉన్న చదువంతా అక్కడితో అయిపోయిందనుకున్న మనిషిని. దానికి తోడు, ఊరికే వచ్చే వస్తువు కనిపిస్తే నా చెయ్యి ఆగేది కాదు. సగం కాలిన బొగ్గులు ఏరి మళ్లీ కాల్చేదాన్ని, చిరిగిన చీర అంచులు విప్పి దారం దాచేదాన్ని. ఈ గుణం ఇప్పటికీ పోలేదు, పోవాలని నేను కోరుకోనూ లేదు. కానీ ఆ ఏడు ఈ గుణమే నన్ను ఏటి ఒడ్డుకి నడిపించింది.

మా ఇంటాయనకి రైల్వేలో పని. తెలుగు మాట వినపడని గుఢియారీ పేటలో, పట్టాలకి ఇవతల, రెండు గదుల ఇల్లు మాది. వెనక పెరడు అనేదొకటి ఉండేది గానీ అది పేరుకే. ఎప్పుడో ఇటుకలకి మట్టి తవ్వేసిన గొయ్యి. మామగారు పోయిన ఏడే ఆయన వాళ్లమ్మని శ్రీకాకుళం వైపు నుంచి మా దగ్గరికి తీసుకొచ్చారు. ఏటి ఒడ్డు ఊళ్లో పుట్టి, ఆ ఒడ్డునే కాపురం చేసిన మనిషి. ఇక్కడి భాష రాదు. వీధిలోకి వెళితే ఎవరేమన్నా తలూపి వచ్చేసేది. కంచంలో అన్నం సగం అలాగే ఉండిపోయేది. పక్కింటావిడ పుట్టిల్లు ధమ్తరి కనక ఇక్కడి అలవాటు ప్రకారం ఆవిణ్ణి అందరూ ధమ్తరిహిన్ అనేవారు. పాపం ఆవిడ జాలిపడి అమారీ భాజీ వండి పంపింది. అది మన గోగుకూరకి చెల్లెలి వరస. మా అత్త ఒక ముద్ద తిని, “పులుపుంది గాని, ఇది మా ఊరిది కాదు” అని కంచం పక్కకి నెట్టింది. ఇక తమ్ముడింటికి వెళ్లిపోతానని మొదలుపెట్టింది.

అక్కడ ఆవిడకి అరుగే గతి. మరదలు గదిలోకి రానివ్వదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. ఆయన నా దగ్గరికి వచ్చి, “అక్కడ అమ్మని చూసీవోళ్లు లేరు, నువ్వే ఏదో ఒకటి సెయ్యి” అన్నారు. (కష్టమైన పనులన్నీ ఆయన నాకిలాగే మర్యాదగా అప్పగించేవారు.) నేను వెళ్లి అత్త ఎదురుగా నిలబడి, కొంగున ముడేసుకొచ్చిన నీ ఊరి గోగు విత్తనాలు నాకియ్యి, నా పెరట్లో పెంచి నీకు పచ్చడి చేసి పెడతాను, అది తినేదాకా కదలకూడదు అన్నాను. ఆవిడ నన్ను కిందనించి మీద దాకా చూసి ముడి విప్పింది. సగం నా చేతిలో పోసి మిగతా సగం మళ్లీ ముడేసుకుంది. అంత నమ్మకం నా మీద.

సరిగ్గా అప్పుడే ఖారూన్ నదిలో, ఊరికి నీళ్లు తోడే చోట ఇసక మేట వేసిందని, పడవలాంటి దాని మీద యంత్రం పెట్టి అడుగున ఉన్నదంతా నీళ్లతో సహా పీల్చి, లావుపాటి గొట్టంలోంచి ఒడ్డున పోయిస్తున్నారు. ఆరిన తర్వాత ఎవరైనా పట్టుకుపోవచ్చని తెలిసింది. ఊరికే అన్న మాట చెవిన పడ్డాక నేను ఇంట్లో కూచోగలనా? ధమ్తరిహిన్ వాళ్ల దున్నపోతు బండి కట్టించుకుని వెళ్లాను. గొట్టం మూతి దగ్గర తెల్లగా, పంచదారలా మెరిసే ఇసక కుప్పపడి ఉంది. దూరం వెళ్లేకొద్దీ సన్నబడి, ఆ చివర నీళ్లు ఇంకిన చోట బూడిదరంగు బురద పెచ్చులు కట్టి ఉంది. నేను నిలబడి ఆలోచించాను. తూర్పారబట్టేటప్పుడు గట్టి గింజ దగ్గర పడుతుంది, పొట్టు దూరం ఎగిరిపోతుంది. ఈ మాత్రం తెలియకపోతే పల్లెటూరి పిల్లనెలా అవుతాను? దగ్గర పడిన తెల్లదాన్నే ఏరి బండి నింపించాను. బండి తోలేవాడు చివరనున్న దాన్ని చూపిస్తూ ఏదో చెప్పబోతే, నన్ను మోసం చెయ్యలేవు అన్నట్టు ఒక చూపు చూశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. గొయ్యి పూడ్చాక, పైన మడి కోసమని ఉంచిన ఇసక చేతికి కాస్త మసిగా తగిలింది. ఏ నీళ్లలోంచి వచ్చిందో ఏమో, తినే కూర పెరిగే చోటు కదా అని, బియ్యం కడిగినట్టు బాల్చీలో పోసి, తేటనీళ్లు వచ్చేదాకా కడిగాను. కడుగు నీళ్లు తీసుకెళ్లి వీధి కాలవలో పారబోశాను. ధమ్తరిహిన్ గోడ మీంచి చాలాసేపు చూసి, “కా కరత్ హస్ బహూ? రేతీ లా ధోవత్ హస్?” అంది. ఇసకని కడుగుతున్నావా అని. “గందా హై కాకీ” అన్నాను గర్వంగా, మురికిగా ఉంది పిన్నీ అని. ఆవిడ లోపలికెళ్లి వాళ్లింట్లో అందరికీ చెప్పినట్టుంది, ఒకరి తర్వాత ఒకరు గోడ మీంచి చూసి వెళ్లారు.

విత్తనాలు వేశాను. కడవెడు నీళ్లు పోస్తే, నేను కడవ దింపేలోగా పైన తడి ఉండేది కాదు. పేడనీళ్లు పోశాను, అవీ ఆగకుండా పాతాళానికి పోయాయి. మధ్యాహ్నమయ్యేసరికి ఆ ఇసక మూకుడులా కాలేది. ఎలాగో మొలిచినవి నాలుగాకులు వెయ్యకముందే పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపెక్కి పడిపోయాయి. మా అత్త గుమ్మంలో కూచుని చూస్తూ, నేను కడవ వంచినప్పుడల్లా “తాగీసిందా?” అని అడిగేది. అప్పుడు కోపంలో గమనించలేదు గానీ, ఆవిడ అన్నం కంచం గుమ్మంలోకే తెచ్చుకుని, నా అవస్థ చూస్తూ మొత్తం తినడం మొదలుపెట్టింది. ఒక్కోసారి మారు కూడా అడిగేది.

ఆఖరి మొక్క కూడా పడిపోయిన రోజున, మిగతా విత్తనాలిమ్మని అడిగాను. దాని మీద వచ్చిందే మొదట చెప్పిన పోట్లాట. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాక, నేను పంతం కొద్దీ ఆ ఉత్త ఇసకలోనే మరో కడవ పోస్తూంటే, వెనక నించి మా అత్త, ఈ ఇసక ఏ పక్కనించి తీశావని అడిగింది. గింజ దగ్గర, పొట్టు దూరం అని నా లెక్క చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడింది. మామగారు పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

“నీ లెక్క బాగానే ఉందే గుంటా. గింజ మనిసి తింతాడు. మొక్క తినీది ఆ పొట్టే. వరద తీసీసాక ఆ సివర బురద కోసం మా ఊళ్లో కొట్టుకునీవోలం. నువ్వేమో దాన్ని వొగ్గీసి, ఉన్న కాసింతా కడిగి కాలవలో పోసీసేవు.”

కళ్లు తుడుచుకుని లోపలికెళ్లిపోయింది. నేనూ వెనకే వెళ్లాను. ఉండిపో అత్తా అనే మాట గొంతు దాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే, “దారిలోకి పులిహోర కట్టమంటావా?” అని వచ్చింది. ఆవిడ నావైపు చూడకుండా, “కట్టు” అంది.

మర్నాడు పొద్దున్న పులిహోర కట్టి ఇచ్చాను. ఆయన అత్త పెట్టె భుజానికెత్తుకుని స్టేషను దారి పట్టారు. మా అత్త గుమ్మం దిగి, పులిహోర పొట్లం చంకన పెట్టుకుని, అటు కాకుండా ధమ్తరిహిన్ వాళ్ల బండి దగ్గరికి నడిచింది. “బాబూ, ఆ పెట్టి దించీసి డ్యూటీకి ఎల్లు” అని కొడుక్కి చెప్పి, నాకేసి తిరిగి, “తట్ట తే” అంది. ఏటి దగ్గర తెల్ల ఇసక కుప్ప వైపు కన్నెత్తయినా చూడకుండా చివరిదాకా వెళ్లి, పాదానికి అంటుకునే చోట ఆగి, ఓ గుప్పెడు తీసి పిడికిలి బిగించి విప్పింది. వేళ్ల ముద్రలతో ఉండలా నిలిచింది. దాన్ని నా చేతిలో పెట్టింది. మొహం ముడుచుకుని ఆ వేళ తట్టలు మోసిన ఆ పొగరుమోతు పిల్ల, అప్పటి నేను, ఇప్పుడెదురైతే, తిట్టను. పక్కన కూచోబెట్టుకుని కాసిని మంచినీళ్లిస్తాను. బండి నిండాక ఒడ్డునే కూచుని అత్తా నేనూ పులిహోర తిన్నాం. ఉప్పు తక్కువైందని ఇంటికి చేరేదాకా ఆవిడ నన్ను తిడుతూనే ఉంది.