పేనుకొరుకుడు, అత్త మొక్కు

జడ వేసుకుంటుంటే వేలికి నున్నగా తగిలింది. అద్దం తిప్పి చూస్తే చెవి వెనక రూపాయి బిళ్లంత బోడి మచ్చ. పేనుకొరుకుడు. నెల తిరక్కుండానే దాని పక్కన ఇంకోటి, నడినెత్తిన ఇంకోటి. ఉరవకొండ బస్సులో వెనక సీట్లో ఎవరైనా కూర్చుంటే చాలు, నా తలే చూస్తున్నారని కొంగు ముందుకు లాక్కునేదాన్ని. తలంతా ఇట్లాగే ఊడిపోతుందేమోనని చచ్చేంత భయం పట్టుకుంది.

మా అత్త గురివింద గింజలు నూరి పూసింది. మంట తప్ప ఏమీ రాలేదు. అనంతపురంలో చర్మం డాక్టరమ్మ మచ్చల్లో సన్న సూదితో మందెక్కించి, "కుదుళ్లు చావలేదమ్మా, మళ్లీ లేస్తాయి" అంది. ఆమెకేం, ఆమె జడ నడుము దాకా ఉంది. వాన పడుతుందని టీవీలో చెప్పేవాళ్లు కూడా ఇంత ధీమాగానే చెబుతారు.

కొన్నాళ్లకు మచ్చల్లో నూగు వచ్చింది, తెల్లగా. ముసలి జుట్టు అంటగట్టారనుకున్నాను. తర్వాత అది నల్లబడింది, సూదులు ఆపేశారు. అయినా నా అనుమానం నాదే. ఎప్పుడు రాలిపోతుందోనని రోజూ తువ్వాలు దులిపి చూసుకునేదాన్ని.

అప్పుడు బయటపెట్టింది అత్త.

"మొలిస్తే ఆ జుట్టు నీకేనని కొండ మీది స్వామికి మొక్కినానమ్మే. గుండు కొట్టించుకోవల్ల."

"నన్నడక్కుండా నా తల మొక్కుతావా అత్తా?"

"అడిగితే ఒప్పుకుంటావా నువ్వు? దేవుని మీదనే అనుమానపడేదానివి."

గుండు బదులు మూడు కత్తెర్లు ఇస్తానన్నాను. చాలామంది ఆడవాళ్లు అంతే ఇస్తారు. ఆమె వినలేదు. నాకు ఒళ్లు మండిపోయి, ఆమెతో మాటలు మానేశాను.

అంతలో విత్తనాల పని వచ్చింది. విత్తనం ఎవరిచ్చినా సరే, నాలుగు గింజలు తడి గోనెసంచి ముక్కలో చుట్టి మొలక చూడనిదే చేనికి పోనివ్వను. ఆ రోజు ముక్క విప్పి వేరుశనగ మొలకలు చూస్తుంటే తట్టింది. నా జుట్టు సూదిమందు బలంతో నిలబడిందా, నిజంగానే కుదురు లేచిందా? గొరిగేశాక మళ్లీ మొలుస్తుందో లేదో చూస్తే తేలిపోతుంది.

"పోదాం పా అత్తా" అన్నాను. నాకు భక్తి పుట్టిందనుకుని ఆమె దేవుడి పటానికి దండం పెట్టింది. కల్యాణకట్టలో కత్తి ఆడినంతసేపూ పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక తల తడుముకోవడమే పని. గరుకు తగిలినట్టే ఉంటుంది, మళ్లీ నా భ్రమేమో అనిపిస్తుంది. ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్లేరుతున్న అత్త నన్ను దగ్గరికి లాగి, చెవి వెనక అరచెయ్యి పెట్టి రుద్దింది. నడినెత్తిన రుద్దింది.

"ఏమ్మే, అన్ని తావులా ఒకే మాదిరి గుచ్చుకుంటాండాది."

"నిజంగానా? నన్ను ఊరడించేకి అంటాండావా?"

ఆమె వంగి తన చెంప నా తలకు ఆనించి, కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయింది. నా గుండు తడిసింది. అప్పుడు నమ్మాను.