కంట్రీ పాటకి నా తెలుగు

మా చిన్నప్పుడు... శనివారం పొద్దున్నే మా ఊరు కమ్మింగ్‌లో మా ముగ్గురి ప్రయాణం ఇండియన్ స్టోర్‌కే. నాన్న స్టీరింగ్ దగ్గర, అమ్మ పక్క సీట్లో, నేను వెనకాల. మా పాత కార్లో సీడీ ప్లేయర్ ఎప్పుడో మూలపడింది. రేడియోలో సరిగ్గా పలికేది ఒకే ఒక్క స్టేషన్, కంట్రీ పాటలది, అంటే అమెరికా పల్లెపాటలది. గిటారు, సాగదీసే గొంతులు, ట్రక్కులు, విరహాలు...

ఆ రోజుల్లో అమ్మా నాన్నా పోట్లాడుకునేవాళ్ళు కాదు. మాట్లాడుకునేవాళ్ళూ కాదు. "పాలు అయిపోయాయి", "టైర్లో గాలి చూడాలి"... అంతే. మా క్లాసులో ఇద్దరు పిల్లల అమ్మానాన్నలు అప్పటికే విడిపోయారు. తర్వాత వంతు నాదేనని లోపల ఒకటే బెంగ.

ఒక శనివారం ఎవరో ముసలాయన పాట వచ్చింది. ఇల్లు అదే, మంచం అదే, ఎదురుగా కూర్చున్న మనిషీ అదే... ఉన్న ప్రేమ ఎప్పుడు వెళ్ళిపోయిందో మాత్రం ఇద్దరికీ తెలియదు అని పాడుతున్నాడు. అమ్మకి ఆ యాస కొరుకుడు పడేది కాదు.

"ఏమంటున్నాడే?" అంది.

"వాళ్ళు ప్రేమలోంచి బయటికి పడిపోయారంట" అన్నాను, ఇంగ్లీషుని ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టి.

"పడిపోవడమేంటే... మొహం మొత్తిందను."

మొహం మొత్తడం నాకు బాగా తెలుసు. బర్త్‌డే పార్టీల్లో గులాబ్‌జామ్‌లు ఎక్కువ తింటే అయ్యేది. మనుషులంటే కూడా అలా అవుతుందా అని భయం వేసింది. ఇక ఆగలేకపోయాను.

"నాన్నా, నీకు అమ్మంటే మొహం మొత్తిందా?"

నాన్న రేడియో ఆపేశారు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే, "చెప్పండి, పిల్ల అడుగుతోందిగా" అంది.

"మొత్తడానికి... అసలు మనం ఒకరి మొహం ఒకరం చూసుకుని ఎన్నాళ్ళయింది, సుజాతా?"

నాన్న అమ్మని పేరు పెట్టి పిలవగా వినడం నాకు చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి.

స్టోర్ ముందు కారు ఆపి, నన్ను లోపలే ఉండమని ఇద్దరూ దిగారు. అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. అమ్మ చేతులు తిప్పుతూ ఏదో అడుగుతోంది. కాసేపటికి నాన్నా గొంతు పెంచారు. అమ్మ ఏడ్చింది. నాన్న కర్చీఫ్ తీసి ఇచ్చారు.

ఆ రోజు నుంచి చిలకా గోరింకల్లా ఉన్నారంటే మీరు నమ్మరు, నేనూ చెప్పను. ఇంట్లో పోట్లాటలు మొదలయ్యాయి. కూరలో ఉప్పు దగ్గర్నుంచి మేనత్త ఫోన్ల దాకా అన్నిటికీ... పోట్లాట అయ్యాక నవ్వులు కూడా వినిపించేవి. నా బెంగ తీరిపోయింది. మా ఇల్లు నిలబడింది ఆ పోట్లాటల వల్లేనని ఎవరడిగినా బల్ల గుద్ది చెప్తాను.

ఇప్పుడు మా కార్లో నలుగురం. పిల్లల చెవుల్లో ఎవరి పాట వాళ్ళది, మా ఆయనకి ఆఫీస్ కాల్, నాకు ఫోన్... ఒకరితో ఒకరికి మాటే లేదు. మీ ఇంట్లో అందరూ కలిసి విన్న పాట ఏదైనా ఉంటే కింద రాయండి. ఈ శనివారం మా ఆయన కాల్ కట్ చేయించి మరీ, మీరు రాసినవి కార్లో అందరికీ గట్టిగా చదివి వినిపిస్తాను.